బండి లేపే ముందు... ఒకసారి కిందకి దూరి చూడండి

'రేపు బండి లేపుదామనుకుంటున్నా రా' అని మావాడు ఫోన్ చేసినప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉంది. వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చేసింది. 'ఎవరి బండిరా? వాడికేం పోయేకాలం?' అని. మన దగ్గర బండి లేపడం అంటే దొంగతనమే కదా మరి! వాడు లేపుతానన్నది సొంత జిమ్నీనే అనీ, అది కూడా రెండంగుళాలే అనీ చెప్పాక స్థిమితపడింది. 'బాగానే ఉందిగా, దానికేం తక్కువైందంట?' అంటూ వెళ్లిపోయింది.

ఆ ప్రశ్నని అప్పుడు నవ్వి వదిలేశాం. వదిలెయ్యకుండా ఉండాల్సింది.

మీలో కూడా కొందరు ఇదే దశలో ఉండి ఉంటారు. ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లు అయ్యుంటుంది. ఈఎంఐ మీద థారో, జిమ్నీయో, సెకండ్ హ్యాండ్ జిప్సీనో ఇంటికొచ్చి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వికారాబాద్ అనంతగిరి వైపు, సంక్రాంతి సెలవులకి లంబసింగి, మారేడుమిల్లి వైపు నలుగురు కలిసి వెళ్తుంటారు. ఒక గతుకులో బండి కింద 'కిర్ర్' మంటుంది. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే చాలు, ఎత్తు పెంచిన బండ్ల రీల్స్ వరస కడతాయి. 'రెండంగుళాల లిఫ్ట్ వేయించు, అన్నీ ఎక్కేస్తుంది' అనేవాడు గ్రూపులో ఒకడైనా ఉంటాడు. ఎన్ని అంగుళాలు అన్నది తర్వాత. ముందు బండి ఎక్కడ తగులుతోందో తెలియాలి.

లిఫ్ట్ వేస్తే ఏది లేస్తుంది?

సస్పెన్షన్ లిఫ్ట్ అంటే చక్రాలకీ, ఛాసిస్‌కీ మధ్య దూరం పెంచడం. పొడవైన స్ప్రింగు వేస్తే ఛాసిస్, దాని మీదున్న బాడీ, ఇంజిన్, గేర్‌బాక్స్ అన్నీ పైకి లేస్తాయి. మరి యాక్సిల్? అది చక్రాలకే బిగించి ఉంటుంది కాబట్టి ఉన్నచోటే ఉంటుంది.

జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్సే. యాక్సిల్‌లో చిన్న కుండలా ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ మీరు నాలుగంగుళాల స్ప్రింగు వేసినా నేలకి అంతే దగ్గరగా ఉంటుంది. కంపెనీ చెప్పే 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ బండి కింద అన్నిటికంటే కిందకి వేలాడే చోట కొలిచేది. సాలిడ్ యాక్సిల్ బండ్లలో ఆ చోటు సాధారణంగా డిఫరెన్షియలే. అంటే లిఫ్ట్ వేయించాక కూడా ఆ అంకె దాదాపు మారదు. 'నాది ఇప్పుడు 260' అని మావాడు స్టేటస్ పెట్టుకున్నాడు. పెట్టుకున్నంత మాత్రాన డిఫరెన్షియల్‌కి తెలియదు కదా.

2020 తర్వాతి థార్ కథ కాస్త వేరు. ముందు చక్రాలు ఇండిపెండెంట్, వెనక సాలిడ్ యాక్సిల్. ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో అదీ లేస్తుంది. కానీ అక్కడి నుంచి చక్రాలకి వెళ్లే డ్రైవ్ షాఫ్టుల వాలు పెరుగుతుంది. వాటి చివర్లో ఉండే సీవీ జాయింట్లు ఆ వాలులోనే రోజంతా తిరగాలి. బూటు త్వరగా చిరుగుతుంది, గ్రీజు పోతుంది, తర్వాత జాయింట్ పోతుంది. అందుకే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండికి ఎత్తు విషయంలో ఇంకా పిసినారిగా ఉండాలి.

మరి లిఫ్ట్‌తో నిజంగా పెరిగేవేంటి? బండి నడుము కింద ఖాళీ, ముందు బంపర్ కింద ఖాళీ, వెనక బంపర్ కింద ఖాళీ. వీటినే బ్రేక్‌ఓవర్, అప్రోచ్, డిపార్చర్ కోణాలంటారు. ఐదు డోర్ల జిమ్నీకి వీల్‌బేస్ 2,590 మి.మీ., బ్రేక్‌ఓవర్ 24 డిగ్రీలు. మూడు డోర్ల పొట్టి జిమ్నీకి అదే 28. ఐదు డోర్లదాన్ని 40 మి.మీ. లేపితే నడుము కింద సుమారు మూడున్నర డిగ్రీలు కలిసొస్తాయి. అంటే పొడవు వల్ల పోగొట్టుకున్నది దాదాపుగా తిరిగొస్తుందన్నమాట. చెరువు కట్ట మీంచి ఇటు ఎక్కి అటు దిగేటప్పుడు నడుము తగిలే బండికి ఇది బాగా పనికొస్తుంది. బండరాయి మీద డిఫరెన్షియల్ తగిలే బండికి ఏమీ ఉపయోగం లేదు.

గీతలు చెప్పిన సంగతి

మావాడు నా మాట వినే లోపే నగర శివార్లలో ఒక షెడ్డులో పని కానిచ్చేశాడు. స్ప్రింగులు పాతవే. వాటి మీద పాలీయురేథేన్ స్పేసర్లు పెట్టి రెండంగుళాలు లేపారు. 'రెండు గంటల్లో అయిపోయింది రా, స్ప్రింగుల ఖర్చులో పదో వంతు కూడా కాలేదు' అని సంబరపడ్డాడు. రెండో రోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద 85 దాటగానే, ఒక జాయింట్ మీద ఎగిరి దిగిందో లేదో, స్టీరింగ్ గజగజా వణకడం మొదలెట్టింది. బ్రేకు మీద కాలు వేసి, వేగం బాగా తగ్గాకే ఆగింది. పక్కన వాళ్ల నాన్న ఉన్నారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసినప్పుడు వాడి గొంతులో పాత హుషారు లేదు.

మర్నాడు ఇద్దరం బండి కిందకి దూరాం, టార్చ్ పట్టుకుని. అంతకు ముందు ఏడాది తిరిగిన తిరుగుళ్లన్నీ కింద గీతలుగా ఉన్నాయి. లెక్కపెడితే పెద్దవి మూడు. ఒకటి వెనక డిఫరెన్షియల్ అడుగున. రెండోది యాక్సిల్‌కి షాకబ్జర్ బిగించే కింది బ్రాకెట్ మీద. మూడోది గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీద. మూడింట్లో రెండు యాక్సిల్ మీదవే. అంటే వాడు పెట్టించిన లిఫ్ట్ ఆ రెండిటికీ ఏ సాయమూ చెయ్యదు.

మీరూ ఇదే చెయ్యండి. పైసా ఖర్చు లేదు. బండి కడిగించి, తడిపిన సుద్దతో కింద యాక్సిల్, బెల్లీ, బంపర్ అంచులు, సైలెన్సర్ దగ్గర పూయండి. మీరు ఎప్పుడూ వెళ్లే దారిలో ఒకసారి వెళ్లి రండి. సుద్ద ఎక్కడ చెరిగిందో ఫొటో తీసుకోండి. నాలుగైదు ట్రిప్పుల తర్వాత కూడా నడుము దగ్గరా, బంపర్ల దగ్గరా సుద్ద అలాగే ఉంటే మీకు లిఫ్ట్ అక్కర్లేదు. ఆ డబ్బుతో ఏం చెయ్యాలో కింద చెబుతా.

ఒక జాగ్రత్త: బండి కిందకి దూరేటప్పుడు జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం దూరకండి. చదునైన నేల మీద, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి. ఈ బండ్ల కింద ఆ మాత్రం చోటు ఉంటుంది.

ముందు గాలి, తర్వాత టైరు

బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి వెళ్లే రాళ్ల దారిలో అక్కడి జీపులు ఎక్కారా? పాత మహీంద్రా జీపులు, కమాన్ పట్టీలు, సన్నటి టైర్లు. వాటి మీదే జనాన్ని ఎక్కించుకుని రోజూ పైకీ కిందకీ తిరుగుతుంటారు. ఆ డ్రైవర్ పక్కన కూర్చుని చక్రం ఎక్కడ పెడుతున్నాడో గమనించండి. రాయిని రెండు చక్రాల మధ్యకి రానివ్వడు, దాని మీదకే చక్రం ఎక్కిస్తాడు. ఎక్కిస్తే బండి మొత్తం లేస్తుంది, యాక్సిల్‌తో సహా! మధ్యకి వదిలితే డిఫరెన్షియల్‌కి తగులుతుంది. లక్ష రూపాయల కిట్ చెయ్యలేని పని అది. నేను ఇది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది.

తర్వాత గాలి. రాళ్ల దారిలో, ఇసుకలో టైరు ప్రెషర్‌ను 18-20 పీఎస్‌ఐకి తగ్గిస్తే టైరు మెత్తబడి నేలకి ఎక్కువ మేర ఆనుతుంది. పట్టు పెరుగుతుంది, ఎగిరి పడటం తగ్గుతుంది. ఎగిరి పడినప్పుడే కదా కింద తగిలేది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టుకోవాలి కాబట్టి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో ఉండాలి. గాలి తగ్గించి హైవే మీద వెళ్తే టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. బద్ధకించొద్దు.

యాక్సిల్‌ని నేల నుంచి నిజంగా లేపేది టైరు ఒక్కటే, అదీ సగమే. జిమ్నీకి వచ్చే 195/80 ఆర్15 టైరు ఎత్తు 693 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703.5. తేడా పదిన్నర, అందులో సగం అంటే 5 మి.మీ. పైగా మాత్రమే యాక్సిల్ కింద కలిసొస్తుంది. 235/75 ఆర్15కి వెళ్తే 733.5, అంటే యాక్సిల్ 20 మి.మీ. లేస్తుంది. బాగుందనిపిస్తుంది కానీ స్పీడోమీటర్ తప్పుతుంది. టైరు సైజు మారిన మేరకే చూస్తే, ముల్లు 60 చూపిస్తున్నప్పుడు మీరు 63కి పైనే వెళ్తుంటారు. బరువైన టైరుని తిప్పడానికి, ఆపడానికి ఇంజినూ, బ్రేకులూ ఎక్కువ కష్టపడాలి. చిన్న ఇంజిన్‌కి ఆ తేడా ఘాట్‌లో బాగా తెలుస్తుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రుద్దుకోవచ్చు. అందుకే సైజు జోలికి పోకుండా, అదే సైజులో ఆల్ టెర్రెయిన్ రకం టైరు చూడమంటాను. పక్క గోడ బలంగా ఉండేది ఎంచుకుంటే రాళ్ల మీద గాలి తగ్గించి వెళ్లినా ధైర్యంగా ఉంటుంది.

నల్లరేగడి గురించి వేరే చెప్పాలి. వాన పడ్డాక మన వైపు పొలాల దారుల్లో దిగారంటే, టైరు గాళ్లలోకి మట్టి నిండి రెండు నిమిషాల్లో నాలుగు చక్రాలూ నున్నటి రోకళ్లు అవుతాయి. ట్రాక్టర్లు చేసిన గాడిలో బండి నడుము ఆనుకుందంటే లిఫ్ట్ ఉన్న బండి కాస్త లోతుగా దిగబడ్డాక ఆగుతుంది, లేని బండి ముందే ఆగుతుంది. అంతే తేడా. వెనక్కి లాగడానికి ట్రాక్టరు మాత్రం ఇద్దరికీ కావాలి.

అంగుళాలు కాదు, కిలోలు చూస్కోండి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సుద్ద నడుము దగ్గర చెరిగింది, లిఫ్ట్ నిజంగానే కావాలి అనుకుందాం. షాపుకి వెళ్లగానే 'ఎన్ని అంగుళాలు సార్' అని అడుగుతారు. 'బండిలో ఏం బరువు మోస్తారు' అని అడిగినవాడు దొరికితే ఆ షాపుని వదలకండి.

ఎందుకంటే స్ప్రింగు ఎంత ఎత్తులో నిలబడుతుందన్నది దాని మీద పడే బరువుని బట్టి ఉంటుంది. లెక్క సులువే. ముందు చక్రం దగ్గర స్ప్రింగు 1 మి.మీ. కుంగడానికి 2 కిలోలు కావాలనుకోండి. మీరు ముందు ఇనప బంపరు, వించ్ కలిపి 60 కిలోలు తగిలించారు. ఒక్కో వైపు 30 కిలోలు. అంటే ముక్కు 15 మి.మీ. కిందకి దిగుతుంది. ఆ బరువు చక్రాల కంటే ముందుకి వేలాడుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. ఇప్పుడు తిరగేసి చూడండి. ఆ 60 కిలోలు మోస్తూ 40 మి.మీ. ఎత్తు ఇవ్వడానికి తయారైన స్ప్రింగుని ఏ బంపరూ లేని బండికి వేస్తే అది 55 మి.మీ. లేపి కూర్చుంటుంది. ముక్కు ఆకాశంలోకి, రైడ్ ఎడ్లబండిలా. 'లిఫ్ట్ వేయిస్తే నడుం పోయింది' అనే వాళ్లలో చాలామంది కథ ఇదే. లిఫ్ట్ తప్పు కాదు, బరువుకి సరిపడని స్ప్రింగు తప్పు.

పేరున్న ఆస్ట్రేలియా కంపెనీల కిట్లలో ఒకే బండికి రెండు మూడు రకాల స్ప్రింగులు ఉండేది ఇందుకే. ఖాళీ బండికి ఒకటి, ముందు బంపరు వించ్ ఉంటే ఒకటి, వెనక ఎప్పుడూ సామానుంటే ఒకటి. వాళ్ల కిట్లు ఎక్కువగా 40-50 మి.మీ. దగ్గరే ఆగడానికి కూడా కారణముంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో సస్పెన్షన్‌తో 50 మి.మీ. దాకా పెంచుకోవడానికి ఇంజినీర్ సర్టిఫికెట్ అక్కర్లేదు, దాటితే కావాలి.

వెనక వైపు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వెనక సీట్లో ఇద్దరు, డిక్కీలో సామాను కలిపి 150 కిలోలు అనుకుందాం. వెనక స్ప్రింగు 1 మి.మీ.కి రెండున్నర కిలోలు అయితే బండి 30 మి.మీ. కుంగుతుంది. మీరు డబ్బు పెట్టి కొనే 40 మి.మీ.లో ముప్పావు వంతు ఇది. రాళ్ల దారి మొదట్లో స్నేహితులని దించి నడిపించండి, ఉచితంగా లిఫ్ట్ దొరుకుతుంది!

పాత జిప్సీ, బొలెరో లాంటివాటిలో కమాన్ పట్టీలు ఏళ్ల తరబడి బరువు మోసి సాగిపోయి ఉంటాయి. ముందు అవి ఎంత కుంగాయో చూడండి. కొత్త పట్టీల సెట్టు వేస్తే కంపెనీ ఇచ్చిన ఎత్తు తిరిగొస్తుంది. వైజాగ్‌లో నాకు తెలిసిన ఒకాయన సెకండ్ హ్యాండ్ జిప్సీకి లిఫ్ట్ అడగడానికి వెళ్తే మెకానిక్ పట్టీలు మార్చి పంపించాడు. ఆయనకి లిఫ్ట్ అవసరం మళ్లీ రాలేదు. అలాంటి మెకానిక్‌ని అందరికీ చెప్పాలి, చెప్పాం కూడా.

కొలిచేటప్పుడు నేల నుంచి కొలవకండి, టైరులో గాలిని బట్టి మారిపోతుంది. చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టండి. నాలుగు మూలలా, ట్యాంకు నిండా ఉన్నప్పుడు. ముందూ తర్వాతా రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. షాపు చెప్పిన 40 నిజంగా 40 అవునో కాదో అప్పుడు తెలుస్తుంది.

స్పేసర్ ఎందుకొద్దంటే

స్పేసర్ చవక. బండి లేస్తుంది. ఫొటోలో తేడా తెలియదు. మరి దాంట్లో తిరకాసేంటి?

షాకబ్జర్ పొడవు మారలేదు. ఒక చక్రం గోతిలోకి దిగినప్పుడు స్ప్రింగు సాగి, చక్రం కిందకి వెళ్లి నేలని పట్టుకోవాలి. షాకబ్జర్ ఎంత సాగితే అంతే వెళ్లగలదు. మీరు 50 మి.మీ. లేపి పాత షాకబ్జర్లే ఉంచితే, అవి మామూలుగా నిలబడ్డప్పుడే 50 మి.మీ. సాగిపోయి ఉంటాయి. కిందకి వెళ్లడానికి మిగిలిన చోటు ఆ మేరకు తగ్గిపోయింది. దాంతో గోతిలో చక్రం గాల్లో వేలాడుతుంది. గాల్లో చక్రం ఉత్తగా తిరుగుతుంది, బండి కదలదు. ఎత్తు పెరిగింది, పట్టు తగ్గింది. పైగా ప్రతి గతుక్కీ షాకబ్జర్ పూర్తిగా సాగి 'టక్' మని కొట్టుకుంటుంది, కొన్నాళ్లకి సీలు కారుతుంది.

ఇటువైపు ఇంకో ఇబ్బంది. చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఆపే రబ్బరు దిమ్మ పాత చోటే ఉంటుంది. కానీ స్పేసర్ మందం మేర స్ప్రింగు ఇంకా నలగాలి. చుట్లు ఒకదానికొకటి ఆనుకునే దాకా నలిగితే ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కి.

కాబట్టి వేస్తే స్ప్రింగూ, దానికి జోడుగా పొడవు సరిపడే షాకబ్జరూ కలిపి వెయ్యండి. సాలిడ్ యాక్సిల్ బండికి 40 మి.మీ. దగ్గర ఆగిపోండి. థార్ లాంటి బండికి ముందు వైపు అంతకన్నా తక్కువే మంచిది. ఇది నా అభిప్రాయం. 50 వేయించుకుని హాయిగా తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ చివరి పది మిల్లీమీటర్ల కోసం మిగతా సామాను చాలా మార్చాలి.

ఒకటి కదిలిస్తే...

ఆ మిగతా సామాను సంగతికొస్తే, మావాడి స్టీరింగ్ ఎందుకు వణికింది?

జిమ్నీ ముందు యాక్సిల్‌ని పట్టుకుని వెనక్కి వెళ్లే రెండు చేతులుంటాయి. బండి లేస్తే ఆ చేతుల వాలు మారుతుంది, వాటితో పాటు యాక్సిల్ కొద్దిగా మెలితిరుగుతుంది. దాంతో కాస్టర్ అనే కోణం తగ్గుతుంది. సైకిల్ ముందు ఫోర్కు ముందుకి వాలి ఉంటుంది చూడండి, చేతులు వదిలినా తిన్నగా వెళ్లడానికి ఆ వాలు తోడ్పడుతుంది. కాస్టర్ అదే. ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడానికి బద్ధకిస్తుంది. దానికి కాస్త అరిగిన బుష్షో, బ్యాలెన్స్ తప్పిన చక్రమో తోడైతే వణుకు మొదలవుతుంది. దీన్ని సరిచేయడానికి కాస్టర్ కరెక్షన్ బుష్షులు దొరుకుతాయి. వాడి షెడ్డులో ఆ పేరే ఎత్తలేదు.

ఇంకోటి ప్యాన్‌హార్డ్ రాడ్. యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే అడ్డ కడ్డీ. ఒక చివర ఛాసిస్‌కి, ఇంకో చివర యాక్సిల్‌కి. కైనమాటిక్స్ పేపర్లో లింకేజీ గీసి మార్కులు తెచ్చుకున్న మెకానికల్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవ్వాలి: కడ్డీ ఒక చివర పైకి లేస్తే రెండో చివర వృత్తఖండంలో కదులుతుంది, యాక్సిల్ ఒక పక్కకి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది. వెనక నుంచి చూస్తే ఒకవైపు టైరు బయటికి పొడుచుకొచ్చినట్టుంటుంది. పొడవు సవరించుకునే రాడ్ వేస్తే సరిపోతుంది. (కాలేజీలో బాహా టీములో పనిచేసిన వాళ్లయితే ఇవన్నీ వేళ్లు నల్లగా చేసుకునే నేర్చుకుని ఉంటారు. నేను చెయ్యలేదు, ఇప్పుడు బాధపడుతున్నా.)

బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా దిగినప్పుడు బిగుసుకోకూడదు. కొన్ని పాత బండ్లలో వెనక బరువుని బట్టి బ్రేకు ఒత్తిడి సవరించే వాల్వు ఉంటుంది. బండి లేస్తే 'వెనక బరువు లేదు' అనుకుని అది వెనక బ్రేకుల జోరు తగ్గించేస్తుంది. దాని లింకు సరిచేయాలి. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడతాయి, కిందకి దించాలి. కెమెరా, రాడార్ల మీద నడిచే భద్రతా ఫీచర్లున్న కొత్త బండ్లకి ఎత్తు మారితే వాటి క్యాలిబ్రేషన్ కూడా చూసుకోవాలి.

బోల్తా పడే ప్రమాదం ఎంత పెరుగుతుంది? చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. వెడల్పు 1.4 మీటర్లు, కేంద్రం ఎత్తు 65 సెం.మీ. అనుకుంటే 1.08 వస్తుంది. 40 మి.మీ. లిఫ్ట్‌తో, యాక్సిళ్లు లేవవు కాబట్టి, కేంద్రం సుమారు 3 సెం.మీ. పెరుగుతుంది. నిలకడ దాదాపు 5 శాతం తగ్గుతుంది. కొంప మునిగేదేం కాదు, కానీ ఘాట్‌లో కుక్క అడ్డొచ్చి ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పినప్పుడు తెలుస్తుంది. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. అదే బండి పైన క్యారియర్ వేసి 50 కిలోల సామాను పెడితే కేంద్రం సుమారు 4 సెం.మీ. లేస్తుంది! లిఫ్ట్ కంటే ఎక్కువ. రెండూ కలిపి చేసేవాళ్లని రోజూ చూస్తుంటాం.

చట్టం మాటేంటి?

ఇది దాటవేయడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం-1988లో సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి రూ.5 వేలు జరిమానా, లేదా రెండూ. 'ఆర్‌సీలో స్ప్రింగు ప్రస్తావనే లేదు కదా' అని గ్రూపుల్లో వాదిస్తారు. రోడ్డు మీద ఆపిన అధికారి ముందూ, ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందూ ఆ వాదన నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఎవరైనా ఇస్తే కాగితం మీద రాసిమ్మనండి.

కాబట్టి చెయ్యాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతపూర్వకంగా అడగండి. వారంటీ ఉన్న బండైతే డీలర్‌ని కూడా. జవాబు 'కుదరదు' అని వస్తే, కుదరదు. కంపెనీ స్థాయి ఎత్తు తిరిగి తెచ్చే కొత్త స్ప్రింగులు, అదే సైజులో మంచి టైర్లు, డిఫరెన్షియల్ కింద, గేర్‌బాక్స్ కింద మందపాటి రక్షణ రేకు... వీటితోనే తేలికపాటి ఆఫ్‌రోడింగ్‌లో చాలావరకు గడిచిపోతుంది. మిగిలిన దారులు మీ బండికి రాసిపెట్టలేదనుకోండి. అన్నట్టు, అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి బండి దించితే అది ఇంకో కేసు.

బిగించేటప్పుడు దగ్గరుండండి

అనుమతి దొరికి, పని మొదలైతే షెడ్డులో నిలబడి రెండు విషయాలు చూడండి. రబ్బరు బుష్షులున్న బోల్టులని బండి గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే బుష్షు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. చాలా చోట్ల తొందరలో ఇదే తప్పు చేస్తారు. రెండోది, ఒక చక్రాన్ని ఎత్తు మీదకి ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడైనా రుద్దుకుంటుందా, బ్రేకు గొట్టం లాగుతుందా అని చూడటం. ఆ తర్వాత అలైన్‌మెంట్. కాస్టర్ అంకెతో సహా ప్రింటు తీసుకోండి. 500 కి.మీ. తిరిగాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూపించండి.

మొదటి వారం హైవే ఎక్కొద్దు. ఖాళీ రోడ్డు మీద 40, 60, 80 అంటూ మెల్లగా పెంచుతూ బ్రేకు వేసి చూడండి. ఒక పక్కకి లాగినా, స్టీరింగ్ వణికినా వెనక్కి తీసుకెళ్లండి. 'అలవాటవుతుంది సార్' అంటే నమ్మకండి.

మావాడు స్పేసర్లు తీయించేశాడు. అరిగిన బుష్షులు మార్పించి, కంపెనీ సైజులోనే ఆల్ టెర్రెయిన్ టైర్లు, కింద రేకు, ఒక కంప్రెసర్ కొన్నాడు. సంక్రాంతికి మారేడుమిల్లి వెళ్లొచ్చాం. ఒకచోట నడుము తగిలింది. వెనక కూర్చున్న ఇద్దరం దిగి నడిచాం, బండి గట్టెక్కింది. ఆ నాలుగు స్పేసర్లు ఇప్పుడు వాళ్ల బాల్కనీలో ఉన్నాయి. వాళ్లమ్మ గులాబీ కుండీల కింద పెట్టుకున్నారు, నీళ్లు నిలవకుండా.